అప్పిచ్చిన నంబరు

జనవరి మూడో వారం నుంచి ఏప్రిల్ పదిహేను దాకా వెర్లిన్ స్లోన్ ఆడవేషం కట్టేవాడు. ఆకుపచ్చ అంగీ, నెత్తిన స్పాంజితో చేసిన కొమ్ముల కిరీటం, చేతిలో బాణం గుర్తున్న బోర్డు. దేశం గుమ్మంలో దివిటీ పట్టుకుని నిలబడిందే, ఆ స్వేచ్ఛాదేవి వేషం. యాభై ఒక్కేళ్ళ మనిషి, నెరిసిన గడ్డం, విరిగి అతికిన నడుం. జనం ఆదాయప్పన్ను లెక్కలు రాసిపెట్టే పన్నుల కొట్టు ముందు రోడ్డు పక్కన నిలబడి వచ్చే బండికీ పోయే బండికీ బోర్డు ఊపాలి. గంటకి తొమ్మిది డాలర్లు. మంచు పడితే ఇంకో అర డాలరు వేస్తానన్నాడు యజమాని. మంచు పడింది గానీ అర డాలరు పడలేదు.

ఆ కొండల్లో బొగ్గు గనులు మూతపడ్డాక కొత్తగా తెరిచిన కొట్లు రెండే. ఒకటి నొప్పి మాత్రల కొట్టు, రెండోది పన్నుల కొట్టు. మొదటిది వెర్లిన్ కూతురు లసిండాను మింగేసింది. పిల్లను కని, మూడు నెలలు పాలిచ్చి, మాత్రల వెంట పోయింది. ఎప్పుడైనా ఫోన్ వస్తే ఏ జైలు నుంచో, మత్తు మాన్పించే ఏ ఆశ్రమం నుంచో అని నంబరు చూసి తెలుసుకోవాల్సిందే. ఆ పిల్ల టాన్సీకి ఇప్పుడు ఆరేళ్ళు. వెర్లిన్ ఉండే రేకుల ట్రైలర్ ఇంట్లోనే పెరిగింది. అతని భార్య పోయి పదేళ్ళు, కాబట్టి జడలు వేయడం కూడా అతనే నేర్చుకున్నాడు. వంకరగా వేసేవాడు. పిల్ల ఏమీ అనేది కాదు.

ఆ ఊరి పేదవాడు పన్నుల కొట్టుకు వెళ్ళేది పన్ను కట్టడానికి కాదు. చాలీచాలని జీతగాడి ఇంట్లో పిల్ల ఉంటే, సర్కారు ఏడాదికోసారి రాయితీలన్నీ కలిపి అతని చేతిలో పెడుతుంది. జీతం ఉండాలి, పిల్ల ఉండాలి. రెంటిలో ఏది లేకపోయినా రెండోది దండగ. ఫిబ్రవరి నెలాఖరులో వచ్చే ఆ డబ్బుతోనే అక్కడివాళ్ళు పళ్ళు పీకించుకునేది, బండికి ఇంజను మార్పించేది, చచ్చినవాడి సమాధి మీద రాయి వేయించేది. మిగతా పదకొండు నెలలూ "పన్ను డబ్బులొస్తే చూద్దాం" అనే మాట మీదే బతుకు సాగుతుంది.

వెర్లిన్‌కి ఆ ఏడు ఆ డబ్బు పళ్ళకీ ఇంజనుకీ కాదు. కిందటి వేసవిలో వాగు పొంగి ట్రైలర్‌లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. నీళ్ళు మూడు రోజుల్లో పోయాయి, కుళ్ళు మాత్రం ఉండిపోయింది. పిల్ల గది నేల మెత్తబడి పుట్టగొడుగులు మొలిచాయి. వేడినీళ్ళ గీజరు ఆనాడే చచ్చింది. అది ఎలాగో కౌంటీ పిల్లల సంరక్షణ ఆఫీసు చెవిన పడింది. బ్రాండీ హాస్కిన్స్ అనే అమ్మాయి వచ్చి చూసి, ఫోటోలు తీసుకుని, ఒక కాగితం ఇచ్చి వెళ్ళింది. మార్చి ఇరవైన మళ్ళీ వస్తుంది. అప్పటికి పిల్లకు గట్టి నేల ఉన్న గది, కుళాయిలో వేడినీళ్ళు ఉండాలి. లేకపోతే పిల్లను వేరేచోట పెడతారు. వేరేచోట అంటే రెండు గంటల ప్రయాణం అవతల, ముక్కూమొహం తెలియనివాళ్ళ ఇల్లు.

అందుకని పన్నుల లెక్కలు తీసుకోవడం మొదలైన మొదటి వారంలోనే, పని మధ్య విరామంలో కిరీటం చంకలో పెట్టుకుని వెళ్ళి నొవెల్లా ముందు కూర్చున్నాడు. నొవెల్లా కాంబ్స్ అరవై దాటిన మనిషి. పన్నెండేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని ఊరందరి ఆదాయాలూ పాపాలూ టైపు చేస్తోంది.

"రావమ్మా స్వేచ్ఛాదేవీ, కూర్చో," అంది. "గడ్డం గీసుకోరాదూ, దేవతకి గడ్డమేమిటి?"

"గడ్డం గీస్తే చలికి మొహం ఊడిపోతుంది నొవెల్లమ్మా. తొమ్మిది డాలర్లకి ఇంతే దేవత."

మిగతా నెలల్లో పనిచేసే కలప కోత మిల్లు జీతం కాగితం, ఈ వేషం జీతం కాగితం ఇచ్చాడు. పిల్ల పేరు చెప్పాడు. జేబులోంచి నీలం అట్ట తీసి, పుట్టిన ప్రతివాడికీ సర్కారు ఇచ్చే తొమ్మిదంకెల సోషల్ సెక్యూరిటీ నంబరు చదివాడు. చదవక్కర్లేదు, అతనికి అది నోటికొచ్చు.

"పిల్ల నీ దగ్గర ఎన్ని నెలలుంది?"

"పన్నెండు."

నొవెల్లా కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఈ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ఏడంటాడయ్యా. సగం ఏడాది దాటితే చాలని అందరికీ తెలుసు. ఆరంటే డబ్బు రాదు, పదంటే నేను నమ్మను. ఏడు. నా చేతివేళ్ళకి అదే అలవాటు."

"నాకు పన్నెండే. ఒక్క రాత్రి కూడా వేరేచోట పడుకోలేదు. పన్నెండే కొట్టు."

"కొట్టాను తండ్రీ, కొట్టాను." తెర అతనివైపు తిప్పింది. "ఐదువేల ఎనిమిదొందల పైన వస్తుంది. నేల వేయించు. గీజరు మంచిది కొను, పాతది కొనకు."

వెర్లిన్ ఆ సాయంత్రం స్కూలు బస్సు దిగిన పిల్లకి ఆ మాట చెప్పాడు. టాన్సీ గదిలోకి పరుగెత్తి, మెత్తటి చోట్లు దాటుకుంటూ గెంతుతూ, "ఇది నది, ఇది మొసలి, ఇది ఒడ్డు. తాతా, కొత్త నేల వచ్చాక మొసలి ఎక్కడుంటుంది?" అంది.

"కింద చీకట్లో ఉంటుంది."

"పాపం," అంది పిల్ల.

మర్నాడు పదకొండు గంటలప్పుడు కొట్టు అద్దం మీద నొవెల్లా వేలితో కొట్టింది. వెర్లిన్ బోర్డు గోడకి ఆనించి లోపలికి వచ్చాడు. ఆవిడ ఎగతాళి చేయలేదు.

"తిరిగొచ్చింది వెర్లినూ. మిషను తీసుకోలేదు. ఈ పిల్ల నంబరు మీద ఇప్పటికే ఎవరో లెక్క దాఖలు చేశారు. ఒక పిల్ల రెండు కాగితాల మీద ఉండకూడదు. ముందు వేసినవాళ్ళది వెళ్ళిపోతుంది, వెనక వేసినవాళ్ళది గుమ్మంలోనే ఆగిపోతుంది."

"ఎవరు?"

"అది చెప్పరు. నీకే తెలియాలి. కూతురా?"

"లసిండాకి తన నంబరే గుర్తుండదు."

"మరి ఈ నంబరు ఇంకెవరి దగ్గరుంది?"

ఆ నంబరు రాసిన చీటీ ఇంకొక్కచోటే ఉంది. ఆ చీటీ రాసింది అతని చెయ్యే.

రెండేళ్ళ కిందటి మాట. మిల్లులో దుంగ జారి నడుం మీద పడి ఆ ఏడాదంతా మంచంలో ఉన్నాడు. దెబ్బ పరిహారం వారంవారం వచ్చేది గానీ సర్కారు లెక్కలో అది సంపాదన కాదు. జీతం లేదు కాబట్టి రాయితీ లేదు. పిల్ల ఉండీ దండగ. అలాంటప్పుడు ఆ లోయలో ఎవరైనా చేసే పనే అతనూ చేశాడు. పిల్లను అప్పిచ్చాడు. పిల్లను కాదు, నంబరును. జీతం ఉండి పిల్లలు లేని చుట్టానికి నంబరిస్తే, ఆ చుట్టం తన కాగితం మీద పిల్లను వేసుకుని, వచ్చినదాంట్లో సగం తెచ్చిస్తాడు. చక్కెర అప్పివ్వడం, నిచ్చెన అప్పివ్వడం ఎలాగో ఇదీ అలాగే. ఎవరూ దాన్ని దొంగతనం అనుకోరు. పారేసే అన్నం పక్కింటి కుక్కకి వేయడం అనుకుంటారు.

అతని అక్క ఆర్డిత్ అప్పటికే ముసలివాళ్ళ ఆస్పత్రిలో బట్టలుతికే పనిలో ఉండేది. నంబరు ఆమెకిచ్చాడు. సగం డబ్బు తెచ్చిచ్చింది, ఒక్క డాలరు తగ్గించలేదు. మధ్యలో పన్నుల ఆఫీసు నుంచి ఆమెకు ఉత్తరమొచ్చింది, పిల్ల మీ ఇంట్లోనే ఉందని రుజువు పంపమని. అప్పుడు వెర్లిన్ వంటబల్ల దగ్గర కూర్చుని, నడుం నొప్పికి పళ్ళు బిగించి, ఏడో తరగతితో ఆగిపోయిన తన చేతిరాతతో ఒక జాబు రాశాడు: నా మనవరాలు టాన్సీ ఏడాది పొడుగునా మా అక్క ఆర్డిత్ ఇంట్లోనే ఉంది, ఆమే తిండి పెట్టి బట్ట కట్టి పెంచుతోంది, నేను ఆ పని చేయగలిగిన స్థితిలో లేను. కింద సంతకం. చర్చి పెద్దాయన సాక్షి సంతకం. పిల్ల అప్పుడు అతని కాళ్ళ దగ్గర కూర్చుని చెంచాలతో ఆడుకుంటోంది.

ఆదివారం టాన్సీని వెంటబెట్టుకుని పక్క లోయలో ఉన్న అక్క ఇంటికి వెళ్ళాడు. ఆర్డిత్ మొగుడు హోబర్ట్ ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని సోఫాలో టీవీ చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళ బొగ్గు దుమ్ము అతని ఊపిరితిత్తుల్లోనే ఉంది. గని మూసేసినా అది ఖాళీ కాలేదు.

పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. ఆర్డిత్ తమ్ముడి మొహం చూసి గరిటె కింద పెట్టింది.

"తెలిసిందన్నమాట," అంది.

"నువ్వేనా అక్కా?"

"నేనే. మొదటి రోజు పొద్దున్నే వేయించాను. టాన్సీ, తల్లీ, ఆ చివరి గదిలోకి వెళ్ళి చూడు, నీకో వస్తువుంది."

పిల్ల పరుగెత్తింది. లోపల్నుంచి పెద్ద కేక, ఏడుపు కాదు, సంతోషం. వెర్లిన్ వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. తెల్ల మంచం, కొత్త పరుపు, ఊదారంగు తెరలు. చెక్క నేల అద్దంలా ఉంది. పిల్ల అలవాటు కొద్దీ ఒక చెక్క దాటి ఇంకో చెక్క మీదకి గెంతి, ఏదీ కుంగకపోయేసరికి తెల్లబోయి చూస్తోంది.

"రిఫండు ఇంకా రాలేదుగా?" అన్నాడు.

"అడ్వాన్సు ఇచ్చారు. ఇంటికి దూరంగా, ఇంకో ఊళ్ళో పన్నుల కొట్టువాళ్ళు."

"అది నా నేలే అక్కా. నా గీజరు. అది నువ్వు పరుపు కింద పరిచావు."

"అరవకు, ఆయనకి ఊపిరాడదు." ఆర్డిత్ గొంతు తగ్గించింది. "ఒరేయ్, నీ ట్రైలర్‌లో నేల ఒక్కటేనా కుళ్ళింది? దూలాలు కుళ్ళాయి, గోడ కుళ్ళింది. ఐదువేలు కాదు, పదిహేనువేలు పోసినా అది తాగేస్తుంది. ఆ కౌంటీ అమ్మాయికి కళ్ళు లేవా? ఇరవైన వస్తుంది, చూస్తుంది, పిల్లను కారెక్కిస్తుంది. ఎవరింటికో ఏమిటో. మన లసిండా చిన్నప్పుడు నువ్వు గనిలో ఉంటే ఎవరు చూశారు దాన్ని? ఇప్పుడు కౌంటీవాళ్ళకంటే ముందు దీన్ని నేను ఎత్తుకుంటే తప్పేంటి?"

"అడగాలి కదా."

"అడిగితే ఇస్తావా?"

సోఫాలోంచి హోబర్ట్ గొంతు గుర్రుగుర్రుమంటూ వచ్చింది. "ఇవ్వడు. గాడిద కంటే మొండి. నాకు బావమరిది కాబట్టి గాడిదని తక్కువ చేశాను, ఏమనుకోకు."

"నువ్వు గాలి పీల్చుకో బావా," అన్నాడు వెర్లిన్. "మాట్లాడితే గాలి ఖర్చవుతుంది."

ముగ్గురూ చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె తిన్నారు. హోబర్ట్ తినలేదు. టాన్సీ తిన్నంతసేపూ ఆ గదివైపే చూస్తోంది. వెళ్ళేటప్పుడు, "తాతా, మంచం మన బండిలో పడుతుందా?" అని అడిగింది.

సోమవారం నొవెల్లాకి అంతా చెప్పాడు. ఆవిడ కాసేపు పెన్ను మూత పెట్టి తీసింది.

"దారి ఉంది. కాగితం మీద రాసి తపాలాలో పంపచ్చు, ఈ పిల్ల నాదే అని. అప్పుడు మీ ఇద్దరికీ ఉత్తరాలొస్తాయి. ఎవరి దగ్గర ఉందో రుజువులు చూపమంటారు. ఈ ఏడు నువ్వే గెలుస్తావు, స్కూలు కాగితాలున్నాయిగా."

"ఎప్పటికొస్తుంది డబ్బు?"

"ఆకులు రాలే కాలానికి. ఏడాది కూడా పట్టచ్చు."

"మార్చి ఇరవైకి?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇంకోటి కూడా ఉంది. వాళ్ళు ఒక ఏడాది తవ్వితే వెనకటివీ తవ్వుతారు. రెండేళ్ళ కిందటి కాగితం బయటకొస్తుంది. మీ అక్క ఆ డబ్బంతా వడ్డీతో కట్టాలి. పదేళ్ళ దాకా రాయితీ అడగకుండా కూడా చేయచ్చు. అప్పుడు రుజువు జాబు రాసిందెవరు?"

"నేను."

"సంతకం?"

"నాదే."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెద్దలు ఊరికే అనలేదు. వెర్లిన్ కిరీటం పెట్టుకుని బయటికి వెళ్ళి బోర్డు ఊపాడు. స్కూలు పిల్లల బస్సు పోతూ పోతూ హారన్ కొట్టింది. వెనక కిటికీలోంచి ఒకడు సోడా గ్లాసు విసిరాడు. దేవత మీద పడింది.

తర్వాత ఆరు వారాలు అతను చేయగలిగినదంతా చేశాడు. యజమానిని ముందుగా జీతం అడిగాడు. లెక్క తిరిగొచ్చినవాడికి అడ్వాన్సు ఉండదన్నాడు. మిల్లులో ముక్కలైపోయిన ప్లైవుడ్ అడిగి తెచ్చి, ఆదివారాలు పిల్ల దీపం పట్టుకుంటే ట్రైలర్ కిందకి పాకి దూలాలకి చెక్కలు కొట్టాడు. ఒకచోట మేకు కొడితే రెండుచోట్ల పొడి రాలేది. మూడో ఆదివారం నడుం పట్టేసి ఆ బురదలోనే అరగంట పడుకుండిపోయాడు.

"తాతా, మొసలి కనిపించిందా?" పైనుంచి పిల్ల అడిగింది.

"కనిపించింది. పళ్ళూడిన ముసలి మొసలి."

"నిన్ను కరిచిందా?"

"లేదు. నా పక్కనే పడుకుంది."

గీజరు పాతది ఒకటి చెత్తకుప్ప దగ్గర దొరికింది. బిగించాడు. మూడు రోజులు వేడినీళ్ళొచ్చాయి. టాన్సీ ఆ మూడు రోజులూ రెండుపూటలా స్నానం చేసింది. నాలుగో రోజు అది బుస్సుమని ఆరిపోయింది.

మార్చి ఇరవై శుక్రవారం. బ్రాండీ హాస్కిన్స్ పది గంటలకు వచ్చింది. ఇరవై ఆరేళ్ళు ఉంటాయేమో. బూట్లకు బురద అంటుకుంటే గుమ్మం బయటే తుడుచుకుని వచ్చింది. ఆ మర్యాదకే వెర్లిన్‌కి భయమేసింది. మొరటువాళ్ళతో పోట్లాడచ్చు.

గది మధ్యలో నిలబడింది. నేల ఆగింది. వెర్లిన్ ఊపిరి వదిలాడు. మంచం పక్కకి ఒక అడుగు వేసింది. చెక్క మూలిగింది, ఆగింది. గోడవైపు ఇంకో అడుగు వేసింది. బూటు మడమ దాకా దిగబడింది.

"అది ఒక్కచోటే అమ్మా," అన్నాడు వెర్లిన్. "అక్కడ పిల్ల అడుగు పెట్టదు. దానికి తెలుసు. ఏది ఒడ్డో ఏది నదో దానికి బాగా తెలుసు."

"తెలియాల్సిన అవసరం పిల్లకు ఉండకూడదు వెర్లిన్ గారూ," అంది ఆ అమ్మాయి మెల్లగా. కుళాయి తిప్పి నీళ్ళ కింద చేయి పెట్టింది. చాలాసేపు పెట్టింది, వేడెక్కుతాయేమోనని. తర్వాత వంటబల్ల దగ్గర కూర్చుని ఫైలు తెరిచింది.

"మీ మీద ఫిర్యాదేమీ లేదు. పిల్ల శుభ్రంగా ఉంది, స్కూలు మానదు. ఇల్లే సమస్య. బయటివాళ్ళ దగ్గర పెట్టకుండా ఉండటానికి మా శాయశక్తులా చూస్తాం. మీ అక్కగారు వచ్చి మాట్లాడారు. ఆమె ఇల్లు చూశాను. గది సిద్ధంగా ఉంది."

"చూశాను నేనూ."

"ఇంకో మంచి విషయం ఉంది." ఆమె నిజంగానే అతన్ని సంతోషపెట్టాలని చూసింది. ఫైలులోంచి ఒక కాగితం తీసి అతని ముందు పెట్టింది. "పిల్ల అక్కడ ఇదివరకు ఏడాది పాటు ఉంది కదా. కొత్త చోటు కాదు. అది జడ్జిగారికి చాలా ముఖ్యం. ఇది మీరు రాసిందే కదా?"

తన చేతిరాత. వంకర అక్షరాలు. 'నేను ఆ పని చేయగలిగిన స్థితిలో లేను.' కింద సంతకం, పక్కన చర్చి పెద్దాయన సంతకం. పన్నుల ఆఫీసుకి పంపినదాని నకలు ఆర్డిత్ పారేయలేదు. కాగితం పారేసే రకం కాదు ఆవిడ. ఉతికిన బట్టల్లా మడతపెట్టి దాస్తుంది.

అబద్ధం అని ఒక్క మాట చెప్పాలి. ఆ పిల్ల ఒక్క రాత్రి కూడా అక్కడ పడుకోలేదు, డబ్బు కోసం రాశాను, అక్కకి తెలుసు, సాక్షికీ తెలుసు అని చెప్పాలి. చెబితే అక్క దొంగ లెక్క బయటపడుతుంది, పిల్లకి ఆ ఇల్లు పోతుంది, ఆ గది పోతుంది. అప్పుడు మిగిలేది రెండు గంటల అవతలి ఇల్లు.

"మీరు రాసిందేనా?" మళ్ళీ అడిగింది.

"నేనే," అన్నాడు వెర్లిన్. "ఏడాది పొడుగునా అక్కడే ఉంది."

జడ్జి ముందు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. జాబు చదివి, "కుటుంబం కుటుంబానికి తోడుగా నిలిచింది, చాలా సంతోషం," అన్నాడాయన.

టాన్సీ వెళ్ళేరోజు జడలు వేశాడు. ఒకటి పైకి, ఒకటి కిందకి. ఆర్డిత్ కారులోంచే చూసి, "నేను మళ్ళీ వేస్తాలే," అంది. ఆవిడ చెడ్డగా అనలేదు. పిల్ల వెనక అద్దంలోంచి చూస్తూ వెళ్ళింది. అప్పుడే కిందటి రాత్రి వాన నీళ్ళు పిల్ల గదిలోకి మళ్ళీ దిగుతున్నాయి. వెర్లిన్ ఆ గది తలుపు మూసి దానికి అడ్డంగా కుర్చీ పెట్టాడు. మొదట్లో ఆదివారాలు వెళ్ళి చూసి వచ్చేవాడు. వేసవిలో బండి చెడిపోయింది. బాగుచేయించడానికి, పన్ను డబ్బులొస్తే చూద్దాం అనుకున్నాడు. తర్వాత గుర్తొచ్చింది, ఆ డబ్బు రావడానికి పిల్ల ఉండాలని.

మళ్ళీ జనవరి వచ్చింది. ఆకుపచ్చ అంగీ కిందటేటిదే, చంక కింద చిరిగింది. ఒకరోజు మధ్యాహ్నం ఆర్డిత్ కారు పన్నుల కొట్టు ముందు ఆగింది. అక్కకి ఏడాదిలో పదేళ్ళు పెరిగినట్టుంది. హోబర్ట్‌కి జబ్బు మరీ ఎక్కువై ఆవిడ కిందటి మార్చిలోనే ఆస్పత్రి పని మానేసి ఇంట్లోనే ఉండిపోయింది.

"పిల్ల ఎలా ఉంది?" అన్నాడు వెర్లిన్, బోర్డు ఊపడం ఆపకుండా.

"బాగుంది. ఇప్పుడు చెక్కలు చూసుకోకుండా నడుస్తోంది. పాలపన్ను ఊడింది ఒకటి." కాసేపు ఆగింది. "ఒరేయ్, నాకు ఈ ఏడు జీతం లేదు. ఆ రెండు నెలల జీతం మీద వచ్చేది ఏ మూలకి? పిల్ల ఉండీ దండగ. నువ్వేమో ఏడాదంతా పనిలో ఉన్నావు."

అతను బోర్డు దించాడు.

"పిల్లను ఇవ్వలేనురా. కోర్టుంది, నా చేతిలో లేదు. నంబరిస్తాను. నువ్వు వేసుకో. సగం నీది, సగం తెచ్చివ్వు. దానికి బూట్లు ఇరుకైపోయాయి, ఆయన ఆక్సిజన్ మిషనుకి కరెంటు బిల్లు కట్టలేదు." కోటు జేబులోంచి మడతపెట్టిన చీటీ తీసి అతని చేతిలో పెట్టింది, అతనికి ఆ తొమ్మిదంకెలు తెలియవన్నట్టు.

చీటీ వెనకవైపు రంగు పెన్సిలుతో ఏదో బొమ్మ ఉంది. ఆకుపచ్చ మనిషి, నెత్తిన కొమ్ములు, గడ్డం.

"ఆ బొమ్మ టాన్సీయే వేసింది," అంది ఆర్డిత్. "కాగితం దొరక్క దాని మీద రాశాను."

విరామంలో వెర్లిన్ లోపలికి వెళ్ళి నొవెల్లా ముందు కూర్చున్నాడు. ఆవిడ ఈసారి దేవతనీ అనలేదు, గడ్డమనీ అనలేదు. జీతం కాగితాలు తీసుకుంది, పిల్ల పేరు కొట్టింది, నంబరు అడిగింది. చీటీ తీయకుండానే చెప్పాడు.

"పిల్ల నీ దగ్గర ఎన్ని నెలలుంది?"

వేళ్ళు మీటల మీద పెట్టి ఎదురుచూసింది. వెర్లిన్ కిరీటం ఒళ్ళో పెట్టుకుని దాని కొమ్ములు ఒకటొకటీ వంచాడు. జనవరి మొత్తం, ఫిబ్రవరి మొత్తం, మార్చిలో ఇరవై రోజులు, ఆ పైన జడ్జి పిలిచేదాకా ఇంకో నాలుగు. ఆ ఇరవయ్యో రోజు పొద్దున్న పిల్ల చన్నీళ్ళతో మొహం కడుక్కుని, చలి లేదు తాతా అంది.

"ఏడు," అన్నాడు.

నొవెల్లా అతనివైపు చూడలేదు. ఏడు కొట్టింది.

మర్నాడు మంచు పడుతోంది. పదకొండు గంటలప్పుడు అద్దం మీద వేలి చప్పుడైంది. వెర్లిన్ వెళ్ళలేదు. నొవెల్లా శాలువా కప్పుకుని తనే తలుపు దగ్గరకి వచ్చింది.

"మిషను తీసుకుంది వెర్లినూ. ఒక్కసారికే వెళ్ళిపోయింది."

"ఏమీ అడగలేదా?"

"ఎవరడుగుతారయ్యా," అంది ఆవిడ, మంచు లోపలికి రాకుండా తలుపు వేసుకుంటూ.